హస్కీ కుక్కను దత్తత తీసుకునే ముందు



1925లో అలాస్కాలోని నోమ్ పట్టణ పిల్లలకు కంఠసర్పి వ్యాధి సోకినప్పుడు, మంచులో మందు చేర్చినవి బండికుక్కలే. వాటిలో సైబీరియన్ హస్కీలు ఉన్నాయి. అది చలిదేశపు కుక్క, ఒంటిపై రెండు పొరల బొచ్చు ఉంటుంది. మన సాగర్, మిర్యాలగూడ, కోదాడలలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే చల్లబడాలి. కనుక వడదెబ్బ త్వరగా తగులుతుంది.

ఎవరో వదిలేసిన హస్కీని సంరక్షణ కేంద్రం నుండి తెచ్చుకోవాలనుకునేవారికి మేము చెప్పేది:

1. పగలంతా చల్లని గది, తెల్లవారుజామున నడక ఉండాలి. బొచ్చు గొరిగించవద్దు.

2. రేబిస్ టీకా కార్డు చూడండి. పశువైద్యునిచేత నట్టల మందు వేయించండి.

3. కొత్తచోట భయంతో కరవవచ్చు. చిన్నపిల్లలను దానితో ఒంటరిగా వదలవద్దు.

కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు పెట్టవద్దు. కుక్కకు టీకా వేయించాం కదా అని ఆగక, అదే రోజు ఆసుపత్రికి రండి. రేబిస్ లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

చల్లని గది ఇవ్వలేనివారు మన వీధికుక్క పిల్లను పెంచుకోండి. అది మన ఎండకు అలవాటుపడిన ప్రాణి. విశ్వాసంలో హస్కీకి ఏమాత్రం తీసిపోదు.