చెక్క నేల మీద ఏ తివాచీ?

సమస్య:

మాది యానాం. మావారి ఉద్యోగం వల్ల పుదుచ్చేరి వచ్చి మురుంగపాక్కంలో ఇల్లు కట్టుకున్నాం. యానాంలో మామయ్యగారి పాత ఇల్లు తీసేసినప్పుడు టేకు దూలాలు పారేయబుద్ధి కాక, పలకలుగా కోయించి ఇక్కడ హాల్లో పరిపించాం. పాలిష్ పెట్టి వారమైంది. ఇప్పుడు దాని మీద ఏం పరచాలన్న దగ్గర ఇంట్లో రోజూ మాటా మాటా పెరుగుతోంది. మావారికి హాలు నిండా ఏలూరు ఉన్ని తివాచీ కావాలట. అత్తయ్యేమో, "మీ మామయ్య కట్టించిన ఇంటి చెక్క అది. కప్పెట్టడానికేనా ఇంతదూరం మోసుకొచ్చారు?" అంటున్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. రాత్రిళ్లు లేస్తుంటారు. ఉత్త చెక్క మీద జారతారేమోనని ఒక భయం, తివాచీ అంచు తట్టుకుంటారేమోనని ఇంకో భయం. ఏం కొనమంటారు?

— ఒక సోదరి, మురుంగపాక్కం

సలహా:

అమ్మా, ముందు ఈ నెల ఏదీ కొనకండి. పాలిష్ చేతికి ఆరినట్టే తగులుతుంది గానీ, పూర్తిగా గట్టిపడడానికి నెల దాకా పట్టొచ్చు. ఆలోగా ఏది పరిచినా మచ్చ పడే ప్రమాదముంది.

మీ అత్తయ్యగారి మాటలో న్యాయముంది. ఆవిడకది నేల కాదు, భర్త కట్టిన ఇల్లు. కాబట్టి హాలు నిండా వద్దు. సోఫాల మధ్య మాత్రమే పరచండి, గోడల వైపు అడుగున్నరైనా టేకు కనబడనివ్వండి. పాత పేపర్లు అతికించి ఆ కొలతకు నేల మీద పరిచి, రెండ్రోజులు దాని చుట్టూ తిరిగి చూడండి. అత్తయ్యగారి గది నుంచి బాత్‌రూమ్‌కు వెళ్లే దారిలోకి ఒక్క అంచు కూడా రాకూడదు. ఆ దారిలో రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి.

ఏలూరు తివాచీ అందాన్ని నేను కాదనను. కానీ ఉన్ని తేమను పీల్చుకుంటుంది, పురుగూ పడుతుంది. మీకు ఇటు అరియాంకుప్పం ఏరు, అటు సముద్రం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. అంత బరువైనదాన్ని ఎత్తి ఆరబెట్టేది ఎవరు? చివరికి మీరే. గాలాడక అడుగున తేమ నిలిస్తే పాలిష్ తెల్లబారుతుంది. మీవారి ముచ్చట తీరాలంటే పడకగదిలో మంచం పక్కకు చిన్నదొకటి కొనుక్కోమనండి.

హాలుకు నా ఓటు వరంగల్ జంపఖానాకే. కొత్తవాడ నేతగాళ్ల ఈ నూలు పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండువైపులా వాడుకోవచ్చు, తేలిగ్గా ఎత్తి దులిపి ఎండలో వేయొచ్చు. దగ్గర్లో కావాలంటే ఈరోడ్ జిల్లా భవానీ జమక్కాళం కూడా మంచిదే. అయితే నూలుది తేలిక కదా, చెక్క మీద జారుతుంది, ముడతలు పడుతుంది. అందుకే మందంగా నేసినదే తీసుకోండి. సోఫాల ముందు కాళ్లు, టీపాయ్ దాని మీద ఆనించండి. కింద సహజ రబ్బరు, ఫెల్టు కలిపిన ప్యాడ్ వేయండి. చౌకగా దొరికే ప్లాస్టిక్ జాలీలు, పీవీసీ పూత ఉన్న రగ్గులు మాత్రం వద్దు, ఆ పూత పాలిష్‌కు అంటుకుని మచ్చలు మిగులుస్తుంది. కొబ్బరిపీచు పట్టా గీతలు పెడుతుంది, దాన్ని గుమ్మం బయటే ఉంచండి.

కొనేముందు తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది, రంగు దిగుతుందేమో చూడండి. ఇంటికి తెచ్చాక వారానికోసారి ఎత్తి కింద తుడవండి. అప్పుడప్పుడూ కాస్త జరుపుతుంటే ఎండ తగిలిన చెక్కకూ కప్పిన చెక్కకూ రంగు తేడా రాదు. వానాకాలంలో చుట్టి పైన పెట్టేయండి.

షాపుకు వెళ్లేటప్పుడు అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లండి. రంగు ఆవిడనే ఎంచుకోనివ్వండి.