బాలల వేదన - దాని అవగాహన

మన ఇళ్ళలో నడక నేర్చే పసివాడు గడప తగిలి పడినపుడు పెద్దలు చేసే పని ఒకటున్నది. పిల్లవాణ్ణి ఎత్తుకొని, దెబ్బ తగిలినచోట ఊది, "నొప్పి పుట్టిందా నాయనా" అని అడుగుతారు. ఆ తరువాత గడపను చేత్తో ఒకటి వేసి, "ఇదిగో, కొట్టేశాను, ఇక ఏడవకు" అంటారు. ఏడుపు ఆగుతుంది. ఈ చిన్న సంఘటనలో పిల్లవాడు మూడు పాఠాలు నేర్చుకొంటున్నాడు. తనకు కలిగినదానికి "నొప్పి" అని పేరున్నదని మొదటి పాఠం. నొప్పికి ఒక కారణం, ఒక నేరస్థుడు, తప్పక ఉంటాడని రెండవది. ఆ నేరస్థుణ్ణి శిక్షించి ఓదారిస్తే నొప్పి కొద్దిసేపటిలో పోతుందని మూడవది.

గడప తగిలిన నొప్పికి ఈ పాఠాలు చాలును. నెలల తరబడి విడువని నొప్పి వచ్చిన పిల్లవానికి మాత్రం రెండవదీ మూడవదీ పనికిరావు. అక్కడ కొట్టడానికి గడప లేదు. ఓదార్చినంత మాత్రాన పోయే బాధా కాదు. మరి ఆ పిల్లవాడు తన నొప్పిని ఏమని అర్థం చేసుకొంటాడు? ఆ అర్థాన్ని ఎవరివద్ద నేర్చుకొంటాడు? ఈ ప్రశ్నలపై గత నలభై, యాభై సంవత్సరాలలో జరిగిన పరిశోధనను విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసోద్దేశం. నేను వైద్యుణ్ణి కాను, తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి. అయినా ఈ విషయం సగం భాషకు, సగం విద్యకు చెందినది. అంతేగాక మా ఇంట జరిగిన ఒక సంగతి నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది. అందువల్ల ఈ సాహసం.

"వేదన" అనే మాటకు మూలం "విద్" అనే ధాతువు. తెలియడమని దాని అర్థం. "విద్య" అనే మాట కూడ ఆ ధాతువునుండి పుట్టినదే. అనగా మన పూర్వులు బాధకు పెట్టిన పేరులోనే ఎరుక అనే భావమున్నది. అంతర్జాతీయ వేదనాధ్యయన సంఘం 1979లో నొప్పికి ఒక నిర్వచనమిచ్చి, 2020లో దానిని సవరించింది. శరీరానికి కలిగిన హానితోగాని, కలుగబోయే హానితోగాని ముడిపడినట్టి, లేదా అటువంటిదానిని పోలినట్టి అప్రియానుభవమే నొప్పి అనీ, అది ఇంద్రియాలకూ మనస్సుకూ కూడ చెందినదనీ ఆ నిర్వచన సారాంశం. దానితోపాటు చేర్చిన వివరణలలో మూడు మనకు ముఖ్యమైనవి. నొప్పి అనే భావనను మనుషులు జీవితానుభవాల ద్వారా నేర్చుకొంటారు. తనకు నొప్పి ఉన్నదని ఒకరు చెప్పినపుడు ఆ మాటను గౌరవించాలి. మాటలతో చెప్పలేనంత మాత్రాన నొప్పి లేదనరాదు.

ఈ మూడవ మాట వెనుక ఒక విషాదచరిత్ర గలదు. 1980ల వరకు పెక్కు ఆసుపత్రులలో, అప్పుడే పుట్టిన శిశువులకు నొప్పి అంతగా తెలియదనే నమ్మకం బలంగా ఉండేది. నెలలు నిండని శిశువులకు శస్త్రచికిత్స చేసేటపుడు చాలినంత మత్తుమందు ఇవ్వని సందర్భాలు ఎన్నో ఉండేవి. భారతదేశంలో వైద్యవిద్య అభ్యసించి ఆక్స్‌ఫర్డులో పరిశోధన చేసిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్, తన సహచరులతో కలిసి 1987లో ఈ నమ్మకాన్ని దెబ్బతీసే ఫలితాలను ప్రకటించాడు. బలమైన నొప్పినివారిణిని ఇచ్చి శస్త్రచికిత్స చేసిన శిశువులలో శరీరం పడే ఒత్తిడి తక్కువగా ఉన్నదనీ, వారు తేలికగా కోలుకొన్నారనీ రుజువైనది. శిశువు చెప్పలేదు కనుక శిశువుకు లేదనుకొన్నారు పెద్దలు. ఈ పొరపాటు ఆసుపత్రులకే పరిమితమైనది కాదని ముందు చూడగలము.

ఇక దీర్ఘకాలిక వేదన సంగతి. మూడు నెలలకు మించి నిలిచేదానిని, లేదా అంతకాలంపాటు మళ్ళీమళ్ళీ వచ్చేదానిని దీర్ఘకాలిక వేదన అంటారు. తలనొప్పి, కడుపునొప్పి, నడుమునొప్పి, కీళ్ళనొప్పులు పిల్లలలో తరచు కనిపించేవి. 2000 సంవత్సరంలో నెదర్లాండ్స్‌లో ఐదువేల పైచిలుకు పిల్లలను గూర్చి వెలువడిన అధ్యయనంలో సుమారు నాలుగవ వంతు మందికి ఇటువంటి నొప్పి ఉన్నదని తేలింది. మామూలు నొప్పి ఇంటికి కాపలాకుక్క వంటిది. దొంగ వచ్చినపుడు మొరిగి మనలను లేపుతుంది. దీర్ఘకాలిక వేదనలో కొన్నిసార్లు దొంగ నిజంగా ఇంటిలోనే ఉంటాడు, అనగా వ్యాధి కొనసాగుతుంటుంది. కొన్నిసార్లు దొంగ ఎప్పుడో వెళ్ళిపోయినా, బెదిరిన కుక్క ఆకు రాలినా మొరుగుతుంది. నాడీమండలం అంతగా సున్నితమైపోతుంది. రెండు సందర్భాలలోను మొరుగుడు మాత్రం నిజమే. పైకి గాయం కనబడలేదు కనుక నొప్పి అబద్ధమనడం శాస్త్రసమ్మతం కాదు.

పిల్లలు దీనినెట్లా గ్రహిస్తారు? బాలల ఆలోచన పెద్దల ఆలోచనకు చిన్న రూపం కాదనీ, అది వయస్సుతో దశలవారీగా మారుతుందనీ స్విట్జర్లాండ్ పండితుడు జాఁ పియాజే ప్రతిపాదించాడు. ఆయన చూపిన బాటలో 1980లలో ఐర్లండు పరిశోధకులు 5 మొదలు 14 ఏళ్ళ వరకు గల 680 మంది బడిపిల్లలను నొప్పి అంటే ఏమిటని అడిగారు. చిన్నపిల్లల దృష్టిలో నొప్పి ఒక వస్తువు. అది కడుపులోనో కాలిలోనో ఉంటుంది. కొంత పెద్దవారి దృష్టిలో అదొక అనుభూతి. యౌవనానికి చేరువైనవారు శరీరాన్నీ మనస్సునూ కలిపి చెప్పగలిగారు. నొప్పి ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు పలువురు పిల్లలు తమ తప్పునే కారణంగా చూపారు. చేయరాని పని చేసినందుకు, తినరానిది తిన్నందుకు నొప్పి వచ్చిందని వారి తర్కం. బయట నేరస్థుడు కనబడనపుడు పసిమనస్సు ఆ నేరాన్ని తనపై వేసుకొంటుందన్నమాట. గడపను కొట్టి మనం నేర్పిన పాఠం ఇక్కడ తిరగబడుతున్నది.

మా ఇంటి సంగతి ఇప్పుడు చెప్పాలి. ఇరవై ఏళ్ళ కిందట మా చెల్లెలికి తొమ్మిదేళ్ళు. పొద్దున లేచేసరికి ఆమె మోకాళ్ళు, మణికట్లు బిగుసుకుపోయేవి. గోడ పట్టుకొని నడిచేది. ఎండ ఎక్కేకొద్దీ సడలి, సాయంత్రానికి తోటిపిల్లలతో ఆడుకొనేది కూడ. మా అమ్మీ దిష్టి తీసింది, నూనె రాసింది. ఎదిగే వయసులో ఇవి మామూలేనన్నారు ఇరుగుపొరుగు. బడికి ఆలస్యంగా వెళ్ళి రోజూ గుమ్మం బయట నిలబడేది. అప్పటికి కళాశాలలో చేరిన నేను ఇంట్లో చదువుకొన్నవాణ్ణి. "సాయంత్రం లేని నొప్పి పొద్దున ఎక్కడినుంచి వస్తుంది? బడి ఎగ్గొట్టడానికే ఈ నాటకం" అని తీర్పు చెప్పింది నేనే. ఆ తరువాత ఆమె నొప్పి అనే మాట ఎత్తడం మానివేసింది. తగ్గిందనుకొని సంతోషించాము.

కొన్ని నెలలకు మోకాలు వాచింది. హైదరాబాదు తీసుకొనిపోతే, బాల్యంలో వచ్చే కీళ్ళవాతమన్నారు. పొద్దున బిగుసుకొని పగటికి సడలడం ఆ వ్యాధి లక్షణమేనట. ఏది చూసి నేను అబద్ధమన్నానో అదే వ్యాధికి సాక్ష్యం. ఆ వైద్యురాలు మా నాన్నగారితో మాట్లాడేముందు చెల్లెలిని ఎదుట కూర్చోబెట్టుకొని, "నీ ఒంటిని కాపాడే సైన్యం ఒకటున్నది తల్లీ, అది పొరపాటున నీ కీళ్ళమీదనే పడింది. ఇందులో నీ తప్పేమీ లేదు" అని చెప్పింది. "అయితే ఖర్జూరాల వల్ల కాదా?" అని అడిగింది మా చెల్లెలు. ఇఫ్తారుకని దాచిన ఖర్జూరాలు రెండు ఒకనాడు ఎవరికీ చెప్పకుండా తిన్నదట. అందుకే ఈ శిక్ష అనుకొని, అన్ని నెలలు ఆ మాట కడుపులో దాచుకొన్నది. మందులు చాలాకాలం వాడవలసివచ్చింది. పొద్దుటి బిగుసు నేటికీ కొంత ఉన్నది. అయితే ఆ రోజునుండి ఆమె, "భాయీజాన్, ఇవాళ ఎక్కువగా ఉంది", "ఇవాళ కొంచెం నయం" అని నాతో చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాట వినే అర్హత నాకున్నదా అని చాలాసార్లు అనుకొన్నాను.

అనగా నొప్పినిగూర్చి పిల్లలు మననుండి నేర్చుకొనేది మనం చెప్పినదొక్కటే కాదు. మనం నమ్మామా లేదా అన్నది కూడ వారికి పాఠమే. నమ్మనివాని యెదుట మౌనం వహించడం వారు త్వరగా నేర్చుకొంటారు.

ఈ మౌనాన్ని దాటి పిల్లల మనస్సు తెలుసుకొనడానికి పరిశోధకులు కొన్ని ఉపాయాలు కనిపెట్టారు. వాటిలో ముఖముల పటం ప్రసిద్ధమైనది. అమెరికాలో 1980ల తొలినాళ్ళలో డోనా వాంగ్, కానీ బేకర్ అనే ఇద్దరు వనితలు ఆరు ముఖాల పటం తయారుచేశారు. మొదటి ముఖం నవ్వుతుంటుంది, చివరి ముఖం కన్నీరు కారుస్తుంటుంది. తన నొప్పికి తగిన ముఖాన్ని పిల్లవాడు వేలితో చూపిస్తే చాలు. దీనిలో ఒక చిక్కున్నదని తరువాత గ్రహించారు. నొప్పి లేని పిల్లవాడు నవ్వుతుండనక్కరలేదు. తీవ్రమైన నొప్పిలోనూ ఏడవని పిల్లలుంటారు. అందువల్ల ఆస్ట్రేలియాలో 1990లో రూపొంది 2001లో సవరించబడిన మరొక పటంలో నవ్వునూ కన్నీటినీ తీసివేశారు. నొప్పినీ దుఃఖాన్నీ వేరుచేసి అడగడం ఎంత కష్టమో ఈ చిన్న మార్పు తెలుపుతున్నది. తలనొప్పి గల పిల్లలచేత బొమ్మలు గీయించి, ఆ బొమ్మలనుబట్టి పార్శ్వపునొప్పిని గుర్తుపట్టవచ్చునని 2002లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం నిరూపించింది. నోరు చెప్పలేనిదానిని చేయి చెప్పగలదన్నమాట.

తెలిసికొనడంతో పని ముగియదు, తెలియజెప్పడం కూడ కావాలి. నొప్పి గాయంనుండి మెదడుకు నేరుగా మోగే గంట కాదనీ, వెన్నుపాములో ఒక ద్వారం వంటి ఏర్పాటున్నదనీ, మెదడునుండి వచ్చే సంకేతాలు దానిని తెరవనూ మూయనూ గలవనీ 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. తరువాతివారు వివరాలను సవరించినా మూలభావం నిలిచింది. భయం, ఒంటరితనం, నిద్రలేమి నొప్పిని పెంచగలవు. ధైర్యం, ఆట, తగిన వ్యాయామం తగ్గించగలవు. ఈ జ్ఞానాన్ని రోగులకే బోధించే పద్ధతి ఇటీవల పెంపొందింది. 8 మొదలు 12 ఏళ్ళ పిల్లలకు నొప్పిని గూర్చి ఏమి తెలుసునో కనుగొనే ప్రశ్నావళి ఒకటి 2020లో ఆస్ట్రేలియానుండి వెలువడింది. అదే సంవత్సరం డిసెంబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ పిల్లల దీర్ఘకాలిక వేదనపై మార్గదర్శకాలు ప్రకటించి, మందులతోపాటు శారీరక చికిత్సకూ మానసిక చికిత్సకూ చోటిచ్చింది. బోధన మందుకు బదులు కాదు. అయినా తన ఒంటిలో జరుగుతున్నదేమిటో తెలిసిన పిల్లవాడు చికిత్సకు సహకరించినట్లు తెలియనివాడు సహకరించలేడు.

ఈ పని పిల్లల మాతృభాషలో జరగాలి. మన తెలుగులో పన్ను పోటుపెడుతుంది, గడ్డ సలుపుతుంది, కడుపులో మెలిపెడుతుంది, కాళ్ళు పీకుతాయి, పక్కలో కలుక్కుమంటుంది. మెల్జాక్ 1975లో ఇంగ్లీషులో ఇటువంటి 78 మాటలను ఏర్చి ఇరవై వర్గాలుగా కూర్చి వైద్యులకు సాధనంగా ఇచ్చాడు. మన పిల్లలు ఏ వయస్సులో ఏ మాటను ఏ అర్థంలో వాడుతున్నారో సేకరించడం మన విద్యార్థులు చేయదగిన పని. ఇంట "దర్ద్" అని ఏడ్చే పిల్ల ఆసుపత్రిలో "నొప్పి" అని చెప్పవలసివస్తుంది. ఉభయ తెలుగు రాష్ట్రాల గిరిజన ప్రాంతాలలో సికిల్‌సెల్ రక్తహీనత గల పిల్లలున్నారు. కొడవలి ఆకారానికి వంగిన రక్తకణాలు సన్నని నాళాలకు అడ్డుపడినపుడు వారికి భరింపరాని నొప్పి వస్తుంది. ఈ వ్యాధి నిర్మూలనకై 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం ప్రారంభమైనది. గోండి, కోయ భాషలు మాట్లాడే ఆ పిల్లల మాటలను ఎవరు వింటారు, ఏ భాషలో అడుగుతారు అనేది కూడ వైద్యంలో భాగమే.

మన విద్యార్థులలో పలువురు రేపు ఉపాధ్యాయులవుతారు. అంతకంటె ఎక్కువమంది తల్లిదండ్రులవుతారు. బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లను గుమ్మం బయట నిలబెట్టే ముందు, "ఎక్కడైనా నొప్పిగా ఉన్నదా?" అని ఒక్కమాట అడగడం కష్టం కాదు. అబద్ధమాడే పిల్లలు కొందరుండవచ్చును. వారిని నమ్మినందువల్ల ఒక పూట పాఠం పోతుంది. నిజం చెప్పే పిల్లను నమ్మకపోతే ఏమి పోతుందో నేనెరుగుదును.

మన కళాశాలలో రెండు భాషలు ఒకే కప్పు కింద ఉన్నవి. ఉర్దూలో తోడుగా బాధపడేవానిని "హమ్‌దర్ద్" అంటారు. తెలుగులో ఇతరుల అనుభవాన్ని తనదిగా ఎంచడం "సానుభూతి". ఒక మాట పారసీకంనుండి, మరొకటి సంస్కృతంనుండి వచ్చినా రెండింటి నిర్మాణమొక్కటే. "తోడు" అనే అర్థం రెండింటికీ ముందు నిలిచినది. పిల్లల వేదనను అర్థం చేసుకొనడం ఆ తోడుతోనే ఆరంభం కావాలి.