బదిలీ పిల్లల సంచిలో ల్యాప్‌టాప్: కొనే ముందు వేయవలసిన లెక్కలు

మేము ముగ్గురం పదకొండో తరగతి చదువుతున్నాం. ఖరగ్‌పూర్‌లోని తాల్‌బగీచాలో పక్కపక్క వీధుల్లో ఉంటాం. బెంగాలీలో తాల్ అంటే తాటి, బగీచా అంటే తోట. మన ఊళ్లలో తాటితోపు అన్నట్టే. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చి స్థిరపడిన కుటుంబాల వల్ల ఈ ఊళ్లో తెలుగు మాట చాలా వీధుల్లో వినిపిస్తుంది. మేం మాత్రం వాళ్లలా ఇక్కడే ఉండిపోయేవాళ్లం కాదు. మా ఇళ్లలో గోడ క్యాలెండరు కంటే బదిలీ ఉత్తర్వుకే విలువ ఎక్కువ.

ఈసారి వేసవి సెలవులకు ముందు మాలో ఒకరి ఇంటికి ఆ ఉత్తర్వు వచ్చింది. అదే వారంలో పలాస దగ్గర ఊరి నుంచి తాతయ్య జీడిపిక్కలు అమ్మిన డబ్బులో 35,000 రూపాయలు పంపారు. అక్కకూ తమ్ముడికీ కలిపి చదువుకు ఒక కంప్యూటరు కొనమన్నారు. అక్క మా తరగతే, తమ్ముడు ఎనిమిదో తరగతి. యంత్రం ఒకటి, పిల్లలు ఇద్దరు, వెళ్లేది కొత్త ఊరు. తప్పుది కొంటే మళ్లీ కొనడానికి డబ్బు లేదు. అందుకే ముగ్గురం కలిసి రెండు వారాలు కూర్చుని, అడిగి, తూచి, లెక్కలు వేశాం. నేర్చుకున్నది మీకోసం ఇక్కడ రాస్తున్నాం.

1. ముందు పని, తరువాత యంత్రం

దుకాణానికి వెళ్లే ముందే ఒక కాగితం మీద పనుల జాబితా రాయాలి. మా జాబితా ఇది: పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్సుకు పైథాన్, మైఎస్‌క్యూఎల్, ప్రాజెక్టు నివేదికలు, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల పీడీఎఫ్‌లు, పాఠాల వీడియోలు, అప్పుడప్పుడు ఆన్‌లైన్ తరగతి. తమ్ముడు చివర్లో "ఆటలు" అని కూడా రాశాడు. దాన్ని కొట్టివేయలేదు కానీ అడుగున ఉంచాం.

పాఠశాల స్థాయి పైథాన్ ప్రోగ్రాములకు శక్తిమంతమైన యంత్రం అక్కర్లేదు. ఆటల కోసం చేసిన ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉంటుంది. దానికి విద్యుత్తు ఎక్కువ కావాలి, వేడి పుడుతుంది, వేడిని బయటికి పంపడానికి పెద్ద ఫ్యాన్లు కావాలి, ఛార్జరు కూడా ఇటుకంత అవుతుంది. మన జాబితాలో లేని పనికి డబ్బుతోపాటు బరువు కూడా చెల్లిస్తామన్నమాట.

2. బరువు లెక్క

మోసుకెళ్లగల కంప్యూటర్లలో మార్కెట్లో తొలి విజయం సాధించినది ఆస్బర్న్ 1. అది 1981లో వచ్చింది. ధర 1,795 డాలర్లు, తెర 5 అంగుళాలు, బరువు దాదాపు 11 కిలోలు. బ్యాటరీ లేదు. దాన్ని తయారుచేయించిన ఆడమ్ ఆస్బర్న్ చిన్నతనం గడిచింది తమిళనాడులోని తిరువణ్ణామలైలో. ఆ రోజుల్లో 11 కిలోలనే "మోయగలిగేది" అన్నారు. మనకు మాత్రం అంతకంటే కచ్చితమైన కొలత ఉంది. కేంద్ర విద్యాశాఖ 2020 పాఠశాల సంచి విధానం ప్రకారం సంచి బరువు విద్యార్థి శరీర బరువులో 10 శాతం మించకూడదు.

మేము పుస్తకాల సంచులు, ఒక స్నేహితుడి ఇంట్లోని ల్యాప్‌టాప్ ఛార్జరు పట్టుకుని తాల్‌బగీచా బజారుకు వెళ్లాం. కూరగాయలమ్మే కాకు నవ్వుతూ తన ఎలక్ట్రానిక్ కాటా ఇచ్చారు. పుస్తకాలతో అక్క సంచి 3.4 కిలోలు, తమ్ముడి సంచి 3.1 కిలోలు తూగాయి. అక్క బరువు 52 కిలోలు, కాబట్టి ఆమె హద్దు 5.2 కిలోలు. తమ్ముడి బరువు 38 కిలోలు, అతని హద్దు 3.8 కిలోలు.

ఇప్పుడు రెండు యంత్రాలను పోల్చి చూద్దాం. 15.6 అంగుళాల తెర ఉన్నది 1.8 కిలోలు, ఛార్జరు 450 గ్రాములు, మొత్తం 2.25. 14 అంగుళాలది 1.4 కిలోలు, ఛార్జరు 300 గ్రాములు, మొత్తం 1.7. అక్క సంచిలో మొదటిది పెడితే 5.65 కిలోలు, హద్దు దాటింది. రెండోది పెడితే 5.1, సరిపోయింది. తమ్ముడికి రెండోది పెట్టినా 4.8 అవుతుంది, అంటే ఒక కిలో ఎక్కువ. కాబట్టి అతను ప్రాజెక్టు రోజుల్లో మాత్రమే, అదీ ఒక కిలో పుస్తకాలు ఇంట్లో ఉంచి తీసుకెళ్లాలి. పాఠశాలకు తెచ్చే ముందు ఉపాధ్యాయుల అనుమతి తప్పనిసరి అని మరచిపోకండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ప్రకటనలో రాసే బరువులో మామూలుగా ఛార్జరు కలవదు. మోసేటప్పుడు మాత్రం రెండూ భుజం మీదే ఉంటాయి. మన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. చాలాకాలం ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరు పొందింది. సామాన్లతో దాని ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడిచినవాళ్లకు అరకిలో తేడా ఎంతో చెప్పనక్కర్లేదు.

3. బ్యాటరీ లెక్క

బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్-అవర్లలో చెబుతారు. భౌతికశాస్త్రంలో మనం చదివిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. శక్తిని సామర్థ్యంతో భాగిస్తే కాలం వస్తుంది. 42 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న యంత్రం పీడీఎఫ్ చదివేటప్పుడు 7 వాట్లు వాడితే 42 ÷ 7 = 6 గంటలు వస్తుంది. వీడియో తరగతిలో 14 వాట్లు వాడితే 3 గంటలే. "ఇన్ని గంటల వరకు" అని పెట్టె మీద రాసేది తేలికైన వాడకానికి సంబంధించిన లెక్క. వాడేకొద్దీ బ్యాటరీ అరుగుతుంది. సామర్థ్యం 80 శాతానికి పడితే 33.6 వాట్-అవర్లు మిగులుతాయి, ఆరు గంటలు 4.8 గంటలవుతాయి.

ఛార్జరు మీద చిన్న అక్షరాలతో ఉన్న అంకెలు కూడా చదవండి. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే ఇంటి 230 వోల్టులకు సరిపోతుంది. చాలా రైలు పెట్టెల్లో సాకెట్లు 110 వోల్టులవి, పైగా అవి సెల్‌ఫోన్ల కోసం పెట్టినవి. ఎక్కేముందే ఇంట్లో పూర్తిగా ఛార్జి చేసుకోవడం మంచిది. యూఎస్‌బీ-సీ ద్వారా ఛార్జయ్యే యంత్రమైతే ఛార్జరు పోయినా కొత్త ఊళ్లో తగిన వాట్ల ఛార్జరు దొరకడం తేలిక.

4. లోపల ఏముంది?

మేము మొదట ఒక పొరపాటు చేయబోయాం. 21,000 రూపాయలకే వస్తుందని ఒక యంత్రాన్ని దాదాపు ఖాయం చేసుకున్నాం. ఇంటికొచ్చి వివరాలు చదివితే ర్యామ్ 4 జీబీ, అదీ బోర్డుకు అతికించినది. తరువాత పెంచే వీలు లేదు. నిల్వకు 64 జీబీ ఈఎంఎంసీ. విండోస్ 11కు కనీసం కావలసినవి కూడా అవే అంకెలు: 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ. అంటే మొదటి రోజునుంచే యంత్రం గోడకు ఆనుకుని నిలబడినట్టు ఉంటుంది. మన ఫైళ్లకు చోటేదీ?

ర్యామ్‌ను చదువుకునే బల్ల అనుకోండి, నిల్వను పుస్తకాల బీరువా అనుకోండి. బల్ల చిన్నదైతే ఒక పుస్తకం మూస్తే గాని ఇంకోటి తెరవలేం. అందుకే ర్యామ్ 8 జీబీ, నిల్వ 256 జీబీ లేదా అంతకంటే ఎక్కువ ఎస్‌ఎస్‌డీ ఉండాలని నిశ్చయించుకున్నాం. పాత హార్డ్ డిస్కులో తిరిగే పళ్లెం ఉంటుంది, కుదుపుకు దెబ్బతింటుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు. లారీలు, రైళ్లు, ఆటోలు తప్పని మన జీవితాలకు అదే నయం.

తెర చిన్నదని తమ్ముడు మొహం ముడుచుకున్నాడు. హెచ్‌డీఎంఐ తీగతో ఇంట్లోని టీవీకి కలిపి చూపించాక ఊరుకున్నాడు. బయట చిన్న తెర, ఇంట్లో పెద్ద తెర, రెండింటికీ ఒకే యంత్రం.

5. కొత్తదా, వాడినదా?

కార్యాలయాల్లో వాడి, బాగుచేసి అమ్మే ల్యాప్‌టాప్‌లు తక్కువ ధరకు దొరుకుతాయి. వాటిలో గట్టివీ ఉన్నాయి. కాని రెండు విషయాలు చూడాలి. మొదటిది, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరం లేదా తరువాతిది ఉంటేనే విండోస్ 11కు అధికారికంగా అర్హత. అంతకంటే పాతదైతే లినక్స్ వేసుకోవచ్చు. మన దేశంలో సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ ఉచితం. పైథాన్, లిబ్రెఆఫీస్ దానిమీద చక్కగా నడుస్తాయి. రెండోది, బ్యాటరీ ఎంత అరిగింది, మడతబందులు బిగువుగా ఉన్నాయా, కీలన్నీ పనిచేస్తున్నాయా అని అక్కడే పరీక్షించాలి.

6. ధర కాదు, ఏడాది ఖర్చు

కొత్త 14 అంగుళాల యంత్రం 30,500 రూపాయలు. అయిదేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 6,100. వాడినది 18,000, కొత్త బ్యాటరీకి 3,500, మొత్తం 21,500. మూడేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి దాదాపు 7,170. చేతిలో డబ్బు తక్కువున్నవారికి రెండోదే దారి, అందులో తప్పు లేదు. 35,000 ఉన్న ఇంటికి మాత్రం మొదటిదే చవక. కాకపోతే "అయిదేళ్లు" అన్నది మన జాగ్రత్త మీద ఆధారపడిన అంకె.

మొత్తం డబ్బును యంత్రానికే పెట్టకూడదు. మా లెక్క ఇలా వచ్చింది: యంత్రం 30,500, మెత్తటి సంచి 900, మౌసు 400, పెన్‌డ్రైవు 500. మిగిలిన 2,700 మరమ్మతు కోసం అమ్మ దగ్గర ఉంచాం.

7. బదిలీని తట్టుకుంటుందా?

ఇది మనలాంటి పిల్లలు మాత్రమే అడగవలసిన ప్రశ్న. ఉద్యోగుల బదిలీల వల్ల పిల్లల చదువు చెడకూడదని 1963లో మన కేంద్రీయ విద్యాలయాలు మొదలయ్యాయి. ఊరు మారినా పుస్తకం మారదు. ల్యాప్‌టాప్ కూడా అలాగే మనతో రావాలంటే నాలుగు పనులు చేయాలి.

వారంటీ దేశమంతటా చెల్లుతుందా, వెళ్లబోయే ఊరికి దగ్గరలో మరమ్మతు కేంద్రం ఉందా అని కొనే ముందే అడగాలి. బిల్లునూ, సీరియల్ నంబరునూ ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచాలి.

కొత్త క్వార్టర్సులో ఇంటర్నెట్ రావడానికి వారాలు పట్టవచ్చు. పుస్తకాల పీడీఎఫ్‌లు, పైథాన్ ముందే దింపుకోవాలి. మన పొరుగునే ఉన్న ఖరగ్‌పూర్ ఐఐటీ రూపొందించిన భారత జాతీయ డిజిటల్ లైబ్రరీలో కూడా చదువుకు పనికివచ్చేవి ఎన్నో ఉన్నాయి.

మూడోది మేము చూసి నేర్చుకున్నది. నిరుడు మాకు తెలిసిన ఒక అన్నయ్య ల్యాప్‌టాప్‌ను బీరువాలో బట్టల మధ్య పెట్టి సామాన్ల లారీ ఎక్కించారు. చేరేసరికి తెర పగిలింది, యంత్రం తెరుచుకోలేదు. వేరే ప్రతి లేకపోవడంతో పన్నెండో తరగతి ప్రాజెక్టు మొదటినుంచీ మళ్లీ చేశాడు. యంత్రం మన చేతి సంచిలో, ఫైళ్ల ప్రతి పెన్‌డ్రైవులో, ఆ పెన్‌డ్రైవు అమ్మ సంచిలో ఉండాలి. రెండూ ఒకే సంచిలో పెడితే ప్రతి తీసి లాభం లేదు.

నాలుగోది భాష. తెలుగు లిపి 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే చేరింది. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, విడిగా కొననక్కర్లేదు. ఇందులో హిందీ "క" ఏ మీట మీద ఉందో తెలుగు "క", బెంగాలీ "క" కూడా ఆ మీట మీదే ఉంటాయి. ఒక భాషకు వేళ్లు అలవాటైతే మిగతావి సగం వచ్చినట్టే. హిందీ బడిలో, బెంగాలీ వీధిలో, తెలుగు ఇంట్లో నేర్చుకున్న మనకు ఇంతకంటే అనుకూలం ఏముంటుంది?

చివరికి ఆ 14 అంగుళాల యంత్రమే కొన్నారు. అందులో అక్క మొదట టైపు చేసింది పైథాన్ ప్రోగ్రాము కాదు, తాతయ్యకు తెలుగులో ఉత్తరం. పది వాక్యాలకు గంట పట్టింది. 2,700 మిగిలిన సంగతి కూడా అందులో రాసింది. మరుసటి వారం మేమిద్దరం స్టేషనుకు వెళ్లి సాగనంపాం. ల్యాప్‌టాప్ సంచి తమ్ముడి ఒళ్లో ఉంది. కిటికీ దగ్గర కూర్చుని, పెన్‌డ్రైవు అమ్మ సంచిలోనే ఉందా అని రెండుసార్లు అడిగాడు.

మీరే చేసి చూడండి

1. మీ బరువు, మీ సంచి బరువు తూచండి. ఛార్జరుతో కలిపి ఎంత బరువున్న ల్యాప్‌టాప్ మీరు మోయవచ్చు?

2. 50 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న యంత్రం 8 వాట్లు వాడితే ఎన్ని గంటలు పనిచేస్తుంది? సామర్థ్యం 80 శాతానికి తగ్గితే ఎంత?

3. 28,000 రూపాయల యంత్రం నాలుగేళ్లు, 36,000 రూపాయలది ఆరేళ్లు వస్తాయి. ఏది చవక?

4. మీ ఇంటికి రేపే బదిలీ ఉత్తర్వు వస్తే ఏయే ఫైళ్లకు ప్రతి తీస్తారు? జాబితా రాసి, ఈ ఆదివారమే ఆ పని చేయండి.