బీజము – క్షేత్రము

శ్రీమద్భాగవతము అష్టమ స్కంధమున మత్స్యావతార కథ కలదు. ప్రళయము ఆసన్నమైనప్పుడు ఓషధులను, సర్వబీజములను నావయందు చేర్చుకొనుమని భగవానుడు సత్యవ్రతుని ఆజ్ఞాపించెను. ఈ కథను చూపి కొందరు విజ్ఞులు ఇట్లు అడుగుచున్నారు: "భూమికి ఎన్నడో ఒకనాడు ముప్పు తప్పదు. ప్రాణబీజములను ఇప్పుడే అన్యగ్రహములపై చల్లి వచ్చుట పుణ్యము కాదా?" పరిహాసముగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

అయితే కథను నిదానించి చూడవలెను. సత్యవ్రతుడు స్వబుద్ధితో బయలుదేరలేదు. నావను పంపినవాడు స్వామి. ఆ బీజములు ప్రళయమును దాటుటకే గాని పరక్షేత్రమున విత్తుటకు కాదు.

చేతనాచేతనములు రెండును భగవంతునకు శరీరమని రామానుజుల సిద్ధాంతము. మనుష్యుడు లేని నేల స్వామి లేని నేల కాదు. పైగా దానమునకు దేశకాలపాత్రములు విచారింపవలెను గదా! అంగారకుని మట్టిలో కంటికానరాని ప్రాణి కలదో లేదో నేటికిని తేలలేదు. పాత్రమును ఎరుగక ఇచ్చినది దానమెట్లగును? మన సూక్ష్మజీవి అచ్చటి జీవిని నశింపజేసినచో అది హింసయే.

ఈ భయము శాస్త్రజ్ఞులకును కలదు. 1976లో అంగారకునిపై దిగిన వైకింగ్ నౌకలను, పంపుటకు ముందు, 110 డిగ్రీలు దాటిన వేడిలో గంటలకొలది ఉంచి శుద్ధిచేసిరి. గెలీలియో నౌకను 2003 సెప్టెంబరు 21న బృహస్పతిలోనికే పడవేసిరి; ఆ గ్రహముచుట్టు తిరుగు యూరోపాయందు మంచుక్రింద సముద్రమున్నదని తలచి, దానిని మైలపరచరాదని వారి ఉద్దేశము. మన మడిని చూచి నవ్వువారు ఈ మడిని గమనింతురు గాక!

2019 ఏప్రిల్‌లో చంద్రునిపై కూలిన ఇశ్రాయేలు నౌక బేరెషీట్‌లో మాత్రము, ఎండబెట్టబడి నిద్రాణస్థితిలోనున్న టార్డిగ్రేడులను అతిసూక్ష్మ ప్రాణులు వేలకొలది ఉండెను. చంద్రునిపై ప్రాణమే లేదు, ఎవరికి నష్టమని అడుగుదురు. కొనిపోబడిన ఆ ప్రాణుల మాట యేమి?

అనంతాళ్వారుల వృత్తాంతమొకటి పెద్దలు చెప్పుదురు. తిరుమల నుండి బయలుదేరి, దూరము నడచి, త్రోవలో భోజనమునకై మూట విప్పగా అందు చీమలు కనబడెను. దులిపివేసి భుజింపవచ్చును, ఎవ్వరును తప్పుపట్టరు. ఆయన మాత్రము కలతచెందెను. ఈ కొండమీద ఏదో ఒకటియై ఉండిన చాలునని కులశేఖరాళ్వారులు కోరలేదా? ఈ చీమలు అట్టి కోరికతో పుట్టిన మహాత్ములేమో! తాను తెలియక వానిని స్వస్థానము నుండి వేరుచేసితినే యని మూట మరల కట్టి, వచ్చిన దారినే వెనుకకు నడచి, కొండ ఎక్కి, చీమలను అచ్చట విడిచి, పిమ్మట తన ప్రయాణము సాగించెను.