రాకెట్టు అసలు రూపము

కొండపల్లి బొమ్మలలో ఎడ్లబండి బొమ్మ యొకటి కలదు. దానిని చూచి పిల్లలు సంతోషింతురు. ఆ చక్రమునకు ఆకులెన్ని యున్నవో, కాడి పొడవెంతయో ఎవ్వరును కొలిచి చూడరు. బొమ్మకు అందము చాలును. నమూనా సంగతి వేరు. అసలు వస్తువునందలి ప్రతి భాగమును ఒకే నిష్పత్తిలో తగ్గించి, ఉన్నది ఉన్నట్లు చూపినప్పుడే అది నమూనా యనిపించుకొనును. అట్లు చూపవలెనన్న, ఆ వస్తువు నిజముగా ఎట్లుండెనో ముందుగా తెలిసికొనవలెను. ఇక్కడనే చరిత్రతో పని కలుగుచున్నది.

రైలుబండ్ల నమూనాలు చేయుట ఇంగ్లాండులోను, ఐరోపా ఖండమందలి ఇతర దేశములలోను, అమెరికాలోను నూరేండ్లకు పైగా వ్యాప్తిలో నున్న వ్యాసంగము. పగలెల్ల తమ తమ వృత్తులు చేసికొని, తీరిక వేళల ఇంటిలో ఒక బల్లమీద పట్టాలు పరచి, స్టేషను కట్టి, సిగ్నళ్లు నిలిపి, చిన్న ఇంజనును నడపుకొనువారు వేలకొలది యున్నారు. వీరిలో కొందరికి బండి నడచిన చాలును. మరికొందరికి అంతటితో తృప్తి కలుగదు. ఫలాని సంవత్సరమున ఆ యింజనుకు ఏ రంగు వేసియుండిరి? దాని పొగగొట్టము ఎత్తెంత? చక్రములకు ఆకులెన్ని? ఇట్టి ప్రశ్నలమీద వారు గంటల తరబడి వాదింతురు. పాత పటములను, ఛాయాచిత్రములను, కార్ఖానా లెక్కలను ముందు పెట్టుకొని ఒకరి మాటను మరియొకరు పరీక్షింతురు.

ఈ వాదములలో మిక్కిలి ప్రసిద్ధమైనది పట్టాల నడిమి దూరమును గూర్చినది. ఇంగ్లాండులో సాధారణముగా రెండు పట్టాల నడుమ దూరము 4 అడుగుల 8½ అంగుళములు. అక్కడి నమూనాకారులలో పెక్కుమంది ఒక అడుగును 4 మిల్లీమీటర్లుగా తగ్గించి చూపుదురు. అనగా అసలు ఇంజను నమూనాకంటె పొడవున సుమారు 76 రెట్లు పెద్దది. ఈ లెక్క ప్రకారము నమూనాలో పట్టాల నడుమ 18.83 మిల్లీమీటర్లు ఉండవలెను. కాని అంగళ్లలో సాధారణముగా దొరకు పట్టాల నడుమ నున్నది 16.5 మిల్లీమీటర్లు మాత్రమే.

ఈ తేడాకు కారణము కలదు. ఒక అడుగునకు 3.5 మిల్లీమీటర్ల చొప్పున నమూనా చేసినచో 16.5 మిల్లీమీటర్ల పట్టాలు సరిగా సరిపోవును. ఐరోపాలో ఆ కొలతయే స్థిరపడినది. అయితే ఇంగ్లాండు ఇంజన్లు ఐరోపా ఇంజన్లకంటె ఒడ్డును పొడుగును తక్కువగా నుండును. వానిని ఆ కొలతకు కుదించినచో, ఆ కాలమునందలి విద్యుత్తు మోటారు వాని లోపల ఇముడకపోయెను. అందుచే పట్టాలను అట్లే యుంచి, ఇంజను శరీరమును మాత్రము 4 మిల్లీమీటర్ల లెక్కకు పెంచిరి. తత్ఫలితముగా, ఇంజను కొలత సరిగా నుండియు దాని క్రింది దారి ఏడంగుళములు ఇరుకైనట్లు కనబడును. చాలమంది ఈ లోపమును చూచి చూడనట్లు ఊరకొనిరి. సహింపలేనివారు 18.83 మిల్లీమీటర్ల దారిని తమ చేతులతోనే చేసికొనుచున్నారు.

కొలత తెలిసిన చోటనే ఇంత చిక్కు ఉన్నప్పుడు, అసలు వస్తువే కాలక్రమమున మారిపోయినచో ఏమి చేయవలెను? ఇందుకు రాకెట్టు అను ఆవిరి ఇంజను కథ చక్కని ఉదాహరణము.

1829వ సంవత్సరమున ఇంగ్లాండులో లివర్‌పూల్, మాంచెస్టరు నగరముల నడుమ రైలుమార్గము పూర్తి కావచ్చెను. బండ్లను దేనితో లాగింపవలెనను విషయమున కంపెనీవారిలో భేదాభిప్రాయములు కలిగెను. దారి వెంబడి అచ్చటచ్చట యంత్రములను నిలిపి, త్రాళ్లతో బండ్లను లాగింపవలెనని కొందరనిరి. బండితోపాటు తానును పరుగెత్తు ఇంజనే మేలని మరికొందరనిరి. ఈ సంగతి తేల్చుటకై కంపెనీవారు ఒక పోటీని ప్రకటించి, గెలిచిన ఇంజనుకు 500 పౌనుల బహుమానము ఇత్తుమనిరి. ఇంజను తన బరువునకు మూడు రెట్ల బరువును గంటకు 10 మైళ్ల వేగముతో లాగవలెను. నాలుగు చక్రముల ఇంజను బరువు నాలుగున్నర టన్నులకు మించరాదు. వెల 550 పౌనులు దాటరాదు. ఇవి ముఖ్యమైన నియమములు.

ఆ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన రెయిన్‌హిల్ అను గ్రామమువద్ద పోటీ ఆరంభమయ్యెను. చూడవచ్చిన జనము పదివేలకు మించిరి. అయిదు యంత్రములు నిలిచెను. వానిలో సైక్లోపెడ్ అనుదానిని గుఱ్ఱము త్రొక్కుచు నడుపవలెను, అది నిలువలేకపోయెను. పెర్సివరెన్స్ అనునది రెయిన్‌హిల్‌కు తెచ్చునప్పుడే దెబ్బతిని, కావలసిన వేగమును అందుకొనలేకపోయెను. ఎరిక్సన్, బ్రెయిత్‌వెయిట్ అనువారు చేసిన నావెల్టీ తేలికయై చురుకుగా పరుగెత్తి జనుల మనసు దోచుకొనెను గాని, పలుమారు చెడిపోయి ఆగెను. తిమోతి హాక్‌వర్త్ చేసిన సాన్‌పరేల్ నియమించిన బరువును మించియుండినను దానిని నడపనిచ్చిరి. అదియు మధ్యలో చెడిపోయెను. రాబర్టు స్టీఫెన్‌సన్ కార్ఖానాలో తయారైన రాకెట్టు మాత్రమే నియమించిన దూరమును పూర్తిగా నడచెను. బరువు లాగుచు సగటున గంటకు 12 మైళ్లకు పైగాను, బరువు లేనప్పుడు సుమారు 30 మైళ్లును అది పరుగెత్తెను.

రాకెట్టు గెలుపునకు ముఖ్య కారణము దాని బాయిలరు. అంతకు పూర్వము బాయిలరులో వేడి పోవుటకు ఒకటి రెండు పెద్ద గొట్టములు మాత్రమే యుండెడివి. రాకెట్టులో 25 సన్నని రాగి గొట్టములు అమర్చిరి. మంటవేడి ఆ గొట్టములన్నిటి ద్వారా పోవుటచే, నీరు ఎక్కువ మేర వేడిని తాకి త్వరగా ఆవిరియయ్యెను. ఈ ఉపాయము కంపెనీ కార్యదర్శియగు హెన్రీ బూత్ సూచించినది. ఫ్రాన్సులో మార్క్ సెగ్వె అను ఇంజనీరు కూడ ఇట్టి ఆలోచననే వేరుగా చేసియుండెను. పనిచేసి వెలువడిన ఆవిరిని పొగగొట్టములోనికి పంపుటచే గాలి ఈడ్పు పెరిగి, నిప్పు మరింత ప్రజ్వరిల్లెను. సిలిండర్లు ఇరువైపుల ఏటవాలుగా నిలిచి, ముందరి పెద్ద చక్రములను త్రిప్పెను. ఇంజనుకు పసుపు రంగును, పొగగొట్టమునకు తెల్లరంగును వేసిరి. పోటీనాటి రాకెట్టు రూపము ఇది.

1830 సెప్టెంబరు 15వ తేదీన రైలుమార్గము తెరువబడెను. ఆనాడే పార్లమెంటు సభ్యుడగు విలియం హస్కిసన్, పట్టాలమీద నిలిచి వెల్లింగ్‌టన్ ప్రభువుతో మాటలాడుచుండగా, రాకెట్టు క్రిందపడి గాయపడి ఆ రాత్రియే మరణించెను.

రాకెట్టు కీర్తి శాశ్వతమే గాని దాని రూపము శాశ్వతము కాలేదు. ఏటవాలు సిలిండర్ల వలన వేగముగా పోవునప్పుడు ఇంజను ఊగిసలాడెడిది. అందుచే వానిని ఇంచుమించు నేలకు సమాంతరముగా దించిరి. ముందరి భాగమున పొగపెట్టెను చేర్చిరి. కొత్త ఇంజన్లలో కనిపెట్టిన మేలి పద్ధతులను పాత ఇంజనుకు తగిలించుట యజమానులకు సహజమే. వారికి కావలసినది పని; చరిత్ర కాదు. 1836లో రాకెట్టును అమ్మివేసిరి. అటుపిమ్మట అది ఉత్తరాన బొగ్గుగనుల దారిలో కొన్నాళ్లు పనిచేసెను. 1862లో లండనులోని మ్యూజియమునకు చేరెను. అప్పటికి దానిలో పోటీనాటి భాగములు కొన్ని మాత్రమే మిగిలియుండెను. కొన్ని మారినవి, కొన్ని పోయినవి.

కాబట్టి మ్యూజియములో రాకెట్టును చూచి, కొలిచి, అట్లే నమూనా చేసి, "ఇదిగో రెయిన్‌హిల్‌లో గెలిచిన ఇంజను" అని చెప్పినచో అది పొరపాటగును. కన్నులతో చూచినదే యైనను అది 1829 నాటి సత్యము కాదు.

అట్లయిన ప్రతిరూపములను చూచి చేయవచ్చునా? పూర్తి పరిమాణముగల ప్రతిరూపములు కొన్ని కలవు. అమెరికాలో హెన్రీ ఫోర్డు తన మ్యూజియము కొరకు 1929లో ఒకదానిని చేయించెను. పోటీ జరిగి 150 సంవత్సరములైన సందర్భమున 1979లో నిజముగా నడచు రాకెట్టును ఇంగ్లాండులో మరియొకదానిని తయారుచేసిరి. ఈ రెండవదాని పొగగొట్టము అసలుదానికంటె పొట్టి. కారణమేమనగా, రెయిన్‌హిల్ వంతెన క్రింద రైలుదారి నేల మట్టము పూర్వముకంటె ఇప్పుడు ఎత్తుగా నున్నది. అసలు ఎత్తున గొట్టము పెట్టినచో అది వంతెనకు తగులును. ఈ సంగతి తెలియని నమూనాకారుడు ప్రతిరూపమును నమ్మి పొట్టి గొట్టమును పెట్టినచో, వంతెన చేసిన మార్పును ఇంజనుకు అంటగట్టినవాడగును.

ఇట్టి సందేహములను తీర్చుటకు చరిత్రకారులు వ్రాతలను, వస్తువును రెండింటిని పరీక్షింతురు. పోటీకి న్యాయనిర్ణేతలైన ముగ్గురిలో జాన్ రాస్ట్రిక్ అను ఇంజనీరు అక్కడనే తన పుస్తకములో వ్రాసికొన్న కొలతలు, లెక్కలు నేటికిని నిలిచియున్నవి. 1999లో మైకేల్ బెయిలీ, జాన్ గ్లితెరో అను ఇద్దరు పరిశోధకులు రాకెట్టు భాగములను విడదీసి, ఒక్కొక్కదానిని కొలిచి, మరమ్మతుల గుర్తులను పరిశీలించిరి. ఎక్కడ కొత్త రంధ్రము తొలిచిరి, ఎక్కడ పాత రంధ్రమును పూడ్చిరి, ఏ భాగము దేనికి తరువాత వచ్చినది అని విచారించి, ఇంజను పొందిన మార్పులను వరుసగా గుర్తింప యత్నించిరి. 2000లో వారి గ్రంథము వెలువడెను. ఇనుము మాటలాడదు; కాని తనమీద జరిగిన పనికి సాక్ష్యమును దాచుకొనును.

ఈ విచారణలో గౌరవమర్యాదల ప్రశ్నలును కలవు. హాక్‌వర్త్ ఇంజనుకు సిలిండర్లు పోతపోసినది అతని పోటీదారుడైన స్టీఫెన్‌సన్ కార్ఖానాయే. వానిలో ఒకటి చెడుటచే, ఇది కావలెనని చేసిన ద్రోహమని హాక్‌వర్త్ పక్షమువారు కొందరు అనుమానించిరి. అనుమానము వేరు, నిదర్శనము వేరు. పోత లోపములు ఆ కాలమున అరుదు కావు. పైగా సాన్‌పరేల్ బొగ్గును విపరీతముగా తినెడిదని పోటీనాటి లెక్కలే చెప్పుచున్నవి. అయినను హాక్‌వర్త్‌ను చేతగానివాడనుట అన్యాయము. ఆవిరిని పొగగొట్టములోనికి పంపు పద్ధతిని రాకెట్టుకు పూర్వమే అతడు వాడెను; అతనికంటె ముందు ట్రెవితిక్ వాడెను. పోటీలో ఓడిన సాన్‌పరేల్‌నే కంపెనీవారు కొనిరి. అది 1844 వరకు మరియొక దారిలో పనిచేసెను. 2002లో వేల్సు దేశమందలి ఒక పాత రైలుమార్గమున మూడు ఇంజన్ల ప్రతిరూపములకు మరల పోటీ పెట్టగా, రాకెట్టే నెగ్గెను. గెలిచినవానిని పొగడుటయు, ఓడినవానికి న్యాయము చేయుటయు చరిత్రకు సమానమైన ధర్మములు.

తెలుగుదేశమున కూడ ఇట్టి పరిశోధనకు చోటు కలదు. 1847 మొదలు 1852 వరకు సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున గోదావరి ఆనకట్ట కట్టినప్పుడు, ధవళేశ్వరపు కొండ రాళ్లను పట్టాలమీద నడచు బండ్లతో చేరవేసిరి. 1853 ఏప్రిలు 16వ తేదీన బొంబాయినుండి ఠాణాకు ప్రయాణికుల రైలు నడచుటకు ముందటి మాట ఇది. ఆ రాళ్లబండ్లకు నమూనా చేయదలచినవాడు మొట్టమొదట తన ఊహను ప్రక్కకు పెట్టవలెను. పట్టాల నడుమ దూరమెంత, చక్రములు దేనితో చేసిరి, బండిని లాగినదెవరు అని పాత లెక్కలలో వెదకవలెను. దొరకినదానిని దొరకినట్లు చూపవలెను. దొరకనిదానిని తోచినట్లు కల్పింపరాదు. అరచేతిలో ఇమిడెడి చిన్న బండియైనను, అట్లు చేసినదియే పూర్వుల శ్రమకు నిజమైన గౌరవము.