బొమ్మ క్రింద పేరు

ఈ సంచికకు మా కట్టంగూరు విద్యార్థి యొకడు నల్లగొండ చెంతనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయముపై వ్యాసము తెచ్చెను. రచన చక్కగా నున్నది. ఛాయాచిత్రము అంతకన్న చక్కగా నున్నది. దాని క్రింద మాత్రము ‘సౌజన్యము: గూగుల్’ అని యున్నది. గూగుల్ ఆ చిత్రమును తీయలేదు, ఉన్న చోటు చూపినది. పుస్తకము దొరికిన బీరువాను గ్రంథకర్త యందుమా?

మేము వెదుకగా అది వికీమీడియా కామన్స్ లోనిదని తేలినది. అచ్చట చిత్రముతోపాటు తీసినవారి పేరు, వాడుకొనుటకు షరతులు కూడ నుండును. క్రియేటివ్ కామన్స్ అను ఈ అనుమతి పత్రములు 2002 నుండి ఉన్నవి. వానిలో ముఖ్యమైన షరతు పేరు చెప్పుటయే. ఉచితముగా నిచ్చినవాడు కోరిన వెల అదియే. దానిని కూడ మనము ఎగవేయబోయితిమి.

పేరు వేసిన చాలునా? అన్నిచోట్ల చాలదు. వార్తాపత్రికల చిత్రములకు, అనుమతి పత్రము లేని ఇతర చిత్రములకు యజమానిని ముందుగా అడుగవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము తరగతిలో బోధనకు కొంత వెసులుబాటు నిచ్చినది. ఊరంతయు పంచు సంచికను దాని క్రింద చేర్చుట మాకు సమ్మతము కాదు.

హక్కు తీరినను పేరు తీరదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1953లో మరణించిరి. చట్టము చెప్పిన 60 ఏండ్లు 2013తో ముగిసినవి. ఆయన గ్రంథములను నేడెవరైనను అచ్చువేయవచ్చును గాని, ఆయన వాక్యమును తమదని చెప్పుకొనరాదు. తెలంగాణములో కవులు లేరన్న మాటకు 1934లో 354 మందితో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించినది ఆయనయే. పద్యములు మాత్రమే వేసి పేర్లు విడిచియుండినచో అది సమాధానమయ్యెడిదా?

మన సంచికను ఆవలి అట్ట నుండి తెరచినచో ఉర్దూ విభాగము. వేరొక పత్రిక నుండి గజలు తీసుకొన్నప్పుడు క్రింద ‘బషుక్రియా’ అని ఆ పత్రిక పేరు వేయుట ఉర్దూ పత్రికల పాత అలవాటు. తెలుగు పుటలకు అడ్డేమి?

విద్యార్థి మరల కంప్యూటరు ముందు కూర్చుండి, చిత్రము తీసినవారి పేరు, అనుమతి పత్రము పేరు, చిత్రమున్న చోటు వ్రాసి తెచ్చెను. మూడు పంక్తులైనది. పుటలో అంత చోటు లేదని ప్రెస్సువారనిరి. చిత్రమునే కొంచెము చిన్నది చేయించితిమి.