చంటిబిడ్డ వచ్చాక పెద్దబిడ్డ సంగతేమిటి?



చంటిబిడ్డ పుట్టగానే పెద్దబిడ్డ మళ్ళీ పక్క తడుపుతుంది, అన్నం తినిపించమని మారాం చేస్తుంది, తల్లి కొంగు వదలదు. పెంకితనమని ఒక దెబ్బ వేస్తాం. కాని అది పెంకితనం కాదు, "అమ్మ నన్ను వదిలేసిందేమో" అన్న బెంగ. కొడితే బెంగ పోదు, పెరుగుతుంది. బిడ్డ పిరికిగానో, మొండిగానో తయారవుతుంది.

మీరు చేయవలసినవి:

1. చంటిబిడ్డకు పాలిచ్చేటప్పుడు పెద్దబిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పండి.

2. పొలం నుంచి వచ్చాక తండ్రి పెద్దబిడ్డను కాసేపు ఆడించాలి.

3. చిన్న చిన్న పనులు చెప్పండి. చెంబుతో నీళ్ళు తెస్తే మెచ్చుకోండి. ఒలకబోస్తే తిట్టకండి, మళ్ళీ తెమ్మనండి. ధైర్యం అలాగే వస్తుంది.

4. "నీకన్నా తమ్ముడే నయం" అని పోల్చకండి.

అన్నిటికన్నా ముఖ్యం ఎడం. కాన్పు తర్వాత మళ్ళీ గర్భం రావడానికి కనీసం 2 సంవత్సరాలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఈలోగా తల్లి ఒళ్ళు కోలుకుంటుంది. పెద్దబిడ్డకు మాటలు వస్తాయి, చెబితే అర్థం చేసుకుంటుంది.

నిరోధ్, కాపర్-టి, మాత్రలు, 3 నెలలకొకసారి వేసే అంతర ఇంజక్షన్ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. మీకేది తగినదో భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి అడగండి.